మన జట్టులో మనోడెవరు?

తెలుగు టైటాన్స్, తమిళ్ తలైవాస్ తలపడితే జనగామ, మానుకోట (మహబూబాబాద్), భూపాలపల్లిలో వాదనలు మొదలవుతాయి. ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని వదులుకోవాలి అన్నది పైకి వినిపించే మాట. దాని కింద ఈ నేలకు సంబంధించిన పెద్ద ప్రశ్న ఒకటుంది.

2025 ఆగస్టు 29, జాతీయ క్రీడా దినోత్సవం. విశాఖపట్నంలో ప్రో కబడ్డీ లీగ్ పన్నెండో సీజన్‌కు అదే తొలి మ్యాచ్. ఒకవైపు తెలుగు టైటాన్స్, మరోవైపు తమిళ్ తలైవాస్. కబడ్డీ అభిమానులు దక్షిణాది డెర్బీ అని పిలుచుకునే పోరు. చివరి నిమిషాల దాకా ఊపిరి బిగబట్టించి, ఆఖరుకు 38-35తో తలైవాస్ గెలిచింది.

మూడు పాయింట్ల ఓటమి ఎవరికైనా బాధే. ఆ రాత్రి మన అభిమానిని అంతకన్నా ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. తలైవాస్ చొక్కా వేసుకుని మన కోర్టులోకి కూతకొచ్చిన కెప్టెన్ పవన్ సెహ్రావత్. అంతకుముందు రెండు సీజన్లు టైటాన్స్‌ను నడిపింది ఆయనే. అంతకుముందు ఏడాది ఎవరి పేరు మీద ఈలలు వేశామో, ఆ రాత్రి అతన్నే పట్టండి, వదలకండి అని అరవాల్సి వచ్చింది.

హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లే గోదావరి ఎక్స్‌ప్రెస్ జనగామ మీదుగా, మానుకోట మీదుగానే పోతుంది. భూపాలపల్లికి ఆ వీలు కూడా లేదు, అక్కడ రైల్వే స్టేషనే లేదు. రైలున్నా లేకున్నా, ఏ మ్యాచ్ చూడాలన్నా ఈ మూడు పట్టణాల వాళ్లకు ఎక్కువగా టీవీయో, చేతిలో ఫోనో దిక్కు. అయినా ఆట మర్నాడు టీ కొట్టు దగ్గర, బస్టాండులో, గని మీద షిఫ్టు మారే వేళ జరిగే చర్చ వింటే, స్టేడియంలో ముందు వరుసలో కూర్చుని చూసొచ్చారేమో అనిపిస్తుంది. డూ ఆర్ డై రైడ్‌కు ఎవరిని పంపాల్సింది, ముగ్గురే మిగిలినప్పుడు సూపర్ టాకిల్‌కు పోకుండా ఎందుకు వెనక్కి తగ్గారు, బోనస్ గీత మీద కాలు పడిందా లేదా అన్నవి గంటల కొద్దీ సాగుతాయి. అన్నీ అయ్యాక అందరూ ఒక్క చోటికే వస్తారు: పవన్‌ను వదులుకోవడం సరైనదా?

మూడు చొక్కాలు

పవన్ సెహ్రావత్ కథ తెలిస్తే ఈ వాదన ఎందుకు తెగదో అర్థమవుతుంది. ఢిల్లీ కుర్రాడు. బెంగళూరు బుల్స్‌లో వెలిగాడు, 2018 సీజన్‌లో ఆ జట్టుకు కప్పు తెచ్చాడు. 2019లో హరియాణా స్టీలర్స్ మీద ఒక్క మ్యాచ్‌లోనే 39 పాయింట్లు తీశాడు. 2022లో తలైవాస్ రూ.2.265 కోట్లు పెట్టి కొనుక్కుంది. తొలి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. తర్వాతి వేలంలో టైటాన్స్ రూ.2.605 కోట్లు పలికింది. లీగ్‌లో అంతకుముందు ఎవరికీ అంత ధర రాలేదు. అదే 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో భారత జట్టుకు కెప్టెన్‌గా స్వర్ణం అందుకున్నాడు.

ఇంత ఆటగాడు వచ్చాక టైటాన్స్ ఏం చేసింది? ఆ సీజన్‌లో 22 మ్యాచ్‌లాడి గెలిచింది రెండు. పవన్ 200కు పైగా పాయింట్లు తెచ్చినా జట్టు అట్టడుగునే ఉండిపోయింది. ఏడుగురాడే ఆటలో ఒక్కడి మీదే కోట్లు పోస్తే మిగతా ఆరుగురిని కొనడానికి డబ్బు ఎక్కడిది? వేలంలో ఒక్కో జట్టుకు ఉండే మొత్తం రూ.5 కోట్లు. అందులో సగానికి పైగా ఒకే రైడర్‌కు పోయింది. పట్టు పట్టేవాళ్లు లేకపోతే రైడర్ తెచ్చిన పాయింట్లన్నీ ఆలౌట్లకే చెల్లు.

2025 వేలానికి పవన్ ధర రూ.59.5 లక్షలకు దిగింది. కొన్నది మళ్లీ తలైవాసే. విశాఖలో మన మీద గెలిచిన కొద్ది వారాలకే క్రమశిక్షణ కారణమని చెప్పి ఆ జట్టు ఆయన్ను ఇంటికి పంపింది. తాను ఏ తప్పూ చేయలేదని ఆయన అన్నారు. ఎవరి మాట నిజమో తేల్చడం మన పని కాదు. కానీ బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ చొక్కాలు మూడూ తొడిగిన ఆటగాడు ఏ ఊరి అభిమానికీ పూర్తిగా సొంతం కాలేకపోయాడు. నష్టం ఆయనకూ, మనకూ.

అదే సీజన్‌లో ఆయన లేని టైటాన్స్ ఏం చేసిందో కూడా చెప్పుకోవాలి. విజయ్ మాలిక్ కెప్టెన్‌గా, భరత్ హుడా అండగా, అప్పటికే జట్టులో ఉన్న శంకర్ గదాయ్, అజిత్ పవార్, అంకిత్ లాంటివాళ్ల పట్టుతో ప్లేఆఫ్స్‌కు చేరింది. పట్నా పైరేట్స్‌ను దాటి రెండో క్వాలిఫయర్ ఆడింది. అక్కడ పుణేరి పల్టన్ చేతిలో ఓడింది. 2021-22 నుంచి వరసగా మూడు సీజన్లలో 66 మ్యాచ్‌లాడి ఐదే గెలిచిన జట్టు ఇది. అంత లోతు నుంచి ఇక్కడికి రావడం చిన్న విషయం కాదు. ఎలా వచ్చింది? పెద్ద పేరు వెంట పడడం మాని, ఒకరినొకరు ఎరిగిన ఆటగాళ్లను కలిపి ఉంచడం వల్ల. మానుకోట టీ కొట్టు దగ్గర పెద్దమనిషి ఎవరైనా, "పైసలతోని రైడర్ దొరుకుతడు గని జట్టు దొరకదు బిడ్డా" అంటే, నేను ఆ పక్షమే.

రాహుల్ ఉన్న రోజులు

ఈ ప్రాంతంలో టైటాన్స్‌కు అభిమానులు ఎలా పుట్టారో గుర్తు చేసుకుంటే ఒక పేరే వస్తుంది. రాహుల్ చౌదరి. ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ వాడు. తెలుగు రాదు. కానీ 2014లో లీగ్ పుట్టినప్పటి నుంచి 2018 దాకా ఆరు సీజన్లు ఒకే చొక్కాలో ఆడాడు. అప్పటికి ప్రో కబడ్డీ అంటేనే కొత్త. మట్టిలో ఆడే మన ఆట మ్యాట్ మీద, రంగుల లైట్ల కింద టీవీలో రావడమే వింత. పిల్లలు బడి మైదానంలో కూతకు పోతూ నేను రాహుల్ అని చెప్పుకున్నారు. 2015లో టైటాన్స్ మూడో స్థానంలో నిలిచింది. ఆ రోజుల్లో సంపాదించుకున్న అభిమానమే తర్వాత ఓటములన్నిటినీ తట్టుకుంది.

2019 వేలంలో రాహుల్‌ను తలైవాస్ రూ.94 లక్షలకు తీసుకుంది. మనవాళ్లు సిద్ధార్థ్ దేశాయ్‌ను రూ.1.45 కోట్లకు తెచ్చారు. అభిమానులు బాహుబలి అని పిలిచే దిట్ట రైడర్ ఆయన. అయినా ఆ ఏడాది 12 జట్లలో టైటాన్స్‌ది 11వ స్థానం, చివరన నిలిచింది రాహుల్‌ను తీసుకున్న తలైవాస్. ఆ మార్పిడిలో ఎవరికీ లాభం రాలేదు. అప్పటి నుంచి మనకు కెప్టెన్లు మారుతూనే వచ్చారు: విశాల్ భరద్వాజ్ తర్వాత ఇరాన్ ఆటగాడు అబోజర్ మిఘానీ, ఆ తర్వాత రోహిత్ కుమార్, పవన్, విజయ్ మాలిక్ లాంటివాళ్లు. పేర్లు నోటికి పట్టేలోపే మనుషులు మారిపోయారు.

ఇరుగుపొరుగు పంతం నిలవాలంటే జ్ఞాపకం కావాలి. ఫలానా ఏడు ఫలానావాడు మన పరువు నిలిపాడని చెప్పుకోవడానికి ఆ మనిషి కొన్నేళ్లయినా మన బరిలో కనపడాలి. ఏటా వేలం పాటలో సగం జట్టును చెదరగొట్టే పద్ధతిలో ఆ జ్ఞాపకం పేరుకోవడం కష్టం. నిలుపుకునే ఆటగాళ్ల జాబితాలున్నాయి, వేరేవాడు పాడిన ధరకే పాత జట్టు మళ్లీ తెచ్చుకునే ఫైనల్ బిడ్ మ్యాచ్ కార్డు కూడా ఉంది. వాటిని ఇంకా వాడుకోవాలన్నదే అభిమానుల మాట. న్యాయమైన మాట.

షికాగోలో కూడా

ఇదే బాధ లోకంలో ఇంకెక్కడైనా ఉందా అంటే, మనవాళ్లు వేల సంఖ్యలో స్థిరపడ్డ షికాగో నగరమే గుర్తొస్తుంది. అక్కడ బేస్‌బాల్‌కు ఒకే ఊళ్లో రెండు జట్లు. ఉత్తరాన కబ్స్, దక్షిణాన వైట్ సాక్స్. రెండు మైదానాలకూ పోయేది ఒకే రెడ్ లైన్ రైలు. 1906 వరల్డ్ సిరీస్‌లో ఆ రెండూ తలపడ్డాయి. ఆ సీజన్‌లో 116 మ్యాచ్‌లు గెలిచి తిరుగులేదనిపించుకున్న కబ్స్‌ను వైట్ సాక్స్ 4-2తో ఓడించింది. నూరేళ్లు దాటినా ఆ ఓటమి ఇప్పటికీ కథగా నడుస్తోంది.

1992 మార్చిలో వైట్ సాక్స్ తన దగ్గరున్న సామీ సోసా అనే కుర్రాడిని పక్క జట్టుకే ఇచ్చి, బదులుగా పేరున్న జార్జ్ బెల్‌ను తీసుకుంది. ఆ కుర్రాడు 1998లో కబ్స్ తరఫున 66 హోమ్ రన్లు కొట్టాడు. పొరుగుకు ఇచ్చిన మాణిక్యం రోజూ కళ్లముందే మెరిస్తే ఎట్లుంటుందో వైట్ సాక్స్ అభిమానికి తెలుసు. సోసా షికాగోలో పుట్టలేదు, డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చాడు. అయినా ఆ ఊరివాడయ్యాడు, 13 సీజన్లు కబ్స్‌కే ఆడాడు కాబట్టి. మన రాహుల్ కథలోనూ జరిగింది అదే. అభిమానికి పుట్టిన ఊరు పట్టింపు కాదు, ఉండిపోవడం పట్టింపు.

అయితే అక్కడికీ ఇక్కడికీ ఒక తేడా ఉంది. బయటివాళ్లు వచ్చి ఆడినా షికాగో పిల్లలకు బడిలో, కాలేజీలో ఆడి పైకి పోవడానికి దారి ఉంది. ఇక్కడ ఆ దారి ఎక్కడుంది?

దసరా బరిలో

దసరాకో, పంట కోతలయ్యాక సంక్రాంతికో ఈ మూడు జిల్లాల్లో ఏ ఊరికి పోయినా కబడ్డీ పోటీలు కనిపిస్తాయి. యువజన సంఘం చందాలు వసూలు చేస్తుంది. బడి వెనక జాగాను దున్ని, రాళ్లేరి, నీళ్లు చల్లి మెత్తగా చేస్తారు. సున్నంతో గీతలు గీస్తారు. వెదురు బొంగులకు లైట్లు కడతారు. ఎంట్రీ ఫీజు, మొదటి బహుమతి, రెండో బహుమతి, దాతల ఫొటోలతో పోస్టర్ అచ్చవుతుంది. పాలకుర్తి వైపు నుంచి ఒక జట్టు, తొర్రూరు నుంచి ఒకటి, తండాల నుంచి రెండు మూడు, చిట్యాల, రేగొండల నుంచి మరికొన్ని. మైకులో వ్యాఖ్యానం చెప్పే మనిషి ప్రతి పట్టుకూ గొంతు పెంచుతాడు. రాత్రి ఫైనల్ అయ్యే సరికి కోడి కూసే వేళవుతుంది.

అసలైన ఆటగాళ్ల మార్పిడి మొదట జరిగిందే ఇక్కడ. తమ ఊరి జట్టు బలహీనంగా ఉందనుకుంటే పక్క ఊరి మంచి రైడర్‌ను మాట్లాడుకుంటారు. దారి ఖర్చులిస్తారు, మంచి భోజనం పెడతారు, గెలిస్తే ఇంత అని ఒప్పుకుంటారు. పోయినేడు మనల్ని ఓడించినవాడే ఈ ఏడు మన చొక్కాలో దిగుతాడు. అప్పుడు తగాదా వస్తుంది. మన ఊరోడు గాని వాన్ని ఎట్లాడిస్తరు అని ఒకరు, అట్లయితే నిరుడు మీరు ఆడించింది ఎవల్ని అని ఇంకొకరు. చాలా చోట్ల పోటీ నిర్వాహకులు ఆధార్ కార్డు చూసి ఊరి పిల్లలకే అవకాశమని నియమం పెట్టడం ఈ తగాదాల వల్లనే. కోట్ల వేలంలో ఎవరూ పెట్టని ఈ నియమాన్ని పల్లె పెట్టుకుంది. గెలుపు కన్నా ఎవరు గెలిచారన్నది ముఖ్యమని ఆ పెద్దలకు తెలుసు.

2016 అక్టోబరు 11న ఉమ్మడి వరంగల్ చీలి ఈ మూడూ జిల్లా కేంద్రాలయ్యాక పంతం ఇంకో మెట్టెక్కింది. అంతకుముందు ఒకే జిల్లా పేరున కలిసి ఆడినవాళ్లు ఎదురెదురు నిలబడ్డారు. సీఎం కప్ పోటీల్లో జిల్లాకో జట్టు. జనగామ మీద మానుకోట గెలిస్తే ఆ ముచ్చట రెండు చోట్లా చాన్నాళ్లు నడుస్తుంది. విడిపోయినా అన్నదమ్ములే గనక పంతంలో ప్రేమా ఎక్కువే, పౌరుషమూ ఎక్కువే.

భూపాలపల్లిలో ఈ మార్పిడికి ఇంకో రూపం ఉంది. సింగరేణిలో ఏరియాల మధ్య ఏటా ఆటల పోటీలు జరుగుతాయి. కాకతీయ ఖని గనుల్లో పని చేసే కార్మికుడు షిఫ్టు దిగి సాయంత్రం మైదానానికి వస్తాడు. భూపాలపల్లి ఏరియా, రామగుండం ఏరియా, కొత్తగూడెం ఏరియా పోటీ పడతాయి. బదిలీ ఉత్తర్వు వస్తే ఏరియా మారుతుంది, దాంతో జట్టూ మారుతుంది. ఎవరూ వేలం పాడరు, పైసా చేతులు మారదు. కానీ నిన్నటి దాకా మనవాడైన క్యాచర్ రేపు మన కాలే పట్టుకుంటాడు.

మట్టి నుంచి మ్యాట్ దాకా

ఇంత ఆట ఉన్నచోటి నుంచి పై లీగ్‌కు పోయినవాళ్లు ఎందరని అడిగితే జవాబు చిన్నబుచ్చుతుంది. టైటాన్స్ పేరులోనే తెలుగు ఉంది. దాని ప్రధాన రైడర్లు, కెప్టెన్లు మాత్రం ఎక్కువగా ఉత్తరాది నుంచో, మహారాష్ట్ర నుంచో, ఇరాన్ నుంచో వచ్చినవాళ్లు. వాళ్ల తప్పు ఏమీ లేదు. కష్టపడి వచ్చారు, గౌరవించాలి. ప్రశ్న మనం మన పిల్లలకు ఏం ఇచ్చామన్నది.

హరియాణాలోని సోనీపత్ జిల్లా రిందానా అనే ఊరు పర్దీప్ నర్వాల్‌ను ఇచ్చింది. లీగ్‌లో 1,800కు పైగా రైడ్ పాయింట్లు తీసిన ఆటగాడు. అక్కడ పిల్లవాడికి మ్యాట్ చిన్నప్పుడే దొరుకుతుంది. కోచ్ ఉంటాడు. పైగా రైల్వేస్, సర్వీసెస్, పోలీసు శాఖల్లో కబడ్డీ కోటా ఉద్యోగం కళ్లముందు కనిపిస్తుంది. ఆట పిచ్చి కాదు, బతుకుతెరువు అని ఇంట్లోవాళ్లకు నమ్మకం. మన దగ్గర పదో తరగతి అయ్యాక పిల్లవాడు బరికి పోతుంటే, ఆటలు అన్నం పెడతాయా అని తల్లి అడుగుతుంది. ఆమెకు చెప్పడానికి మన దగ్గర సరైన జవాబు లేదు.

మట్టికీ మ్యాట్‌కూ ఎంత దూరమో ఆడినవాళ్లకే తెలుసు. మట్టిలో వట్టి కాళ్లతో జారుతూ తప్పించుకున్నవాడు మ్యాట్ మీద బూట్లతో ఒక్కసారిగా మలుపు తీసుకుంటే మోకాలు మెలిపడుతుంది. మ్యాట్ మీద వేగం ఎక్కువ, పాదం జారదు, చీలమండ పట్టు గట్టిగా దొరుకుతుంది. ముప్పై సెకన్ల రైడ్ లెక్క, వరసగా రెండు ఖాళీ రైడ్ల తర్వాత మూడోది చావోరేవో అన్న నియమం పల్లె బరిలో ఎప్పుడూ పాటించనివాడు ట్రయల్స్‌కు పోతే బెదిరిపోతాడు. సీనియర్ పురుషుల్లో 85 కిలోలు దాటకూడదన్న నియమం కూడా కొందరికి అక్కడికి పోయాకే తెలుస్తుంది. బలం లేక వెనక్కి రావడం వేరు, అలవాటు లేక వెనక్కి రావడం వేరు. మన పిల్లలకు ఎక్కువగా జరిగేది రెండోది.

చూసే జనానికి మాత్రం ఎప్పుడూ కొరత లేదు. 2021 మార్చిలో సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలకు జనం విరగబడి వస్తే తాత్కాలికంగా కట్టిన గ్యాలరీ కూలి ఎందరో గాయపడ్డారు. ఒక జిల్లా కేంద్రంలో పిల్లల కబడ్డీకి అంత జనం వచ్చారంటే ఈ నేల మీద ఆటకున్న ఆదరణ ఎంతో తెలుస్తుంది. వాళ్లను భద్రంగా కూర్చోబెట్టే ఏర్పాటు లేకపోవడం ఎంత నిర్లక్ష్యమో కూడా అదే రోజు తెలిసింది.

ఆడపిల్లల మాట చెప్పకుండా ఈ కథనం ముగించలేను. గురుకులాల్లో, ప్రభుత్వ బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయుల చేతుల్లో ఎందరో మంచి క్యాచర్లు తయారవుతున్నారు. తండాల నుంచి వచ్చిన పిల్లల కాళ్లలో ఉన్న చురుకు చూస్తే ముచ్చటేస్తుంది. భారత మహిళలు 2023 ఆసియా క్రీడల్లో చైనీస్ తైపీ మీద 26-25తో స్వర్ణం గెలిచారు. 2025 నవంబరులో ఢాకాలో ప్రపంచ కప్ కూడా తెచ్చారు. అయినా వాళ్లకు ప్రో కబడ్డీ స్థాయి లీగ్ లేదు. 2016లో మూడు జట్లతో చిన్న పోటీ ఒకటి జరిపి ఆపేశారు. మగపిల్లవాడికి వేలంలో అన్నిటికన్నా కింది మెట్టున కూడా రూ.9 లక్షల కనీస ధర ఉంది. అదే బడిలో అదే సార్ దగ్గర నేర్చుకున్న ఆడపిల్లకు వేలమే లేదు.

ఎవరిని అమ్మాలి, ఎవరిని కొనాలన్న వాదన వచ్చే సీజన్‌లోనూ సాగుతుంది, సాగాలి కూడా. అభిమానులుగా మన హక్కు అది. విజయ్ మాలిక్‌ను, అజిత్ పవార్‌ను, అంకిత్‌ను ఇంకో మూడేళ్లు కదపొద్దని నా మాట. దానికి ఇంకో మాట కూడా కలుపుతున్నాను. టైటాన్స్ యాజమాన్యం ఏటా ఒక్కసారైనా జనగామలో, మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో ట్రయల్స్ పెట్టాలి, ఎంపికైనవాళ్లను జట్టుతోపాటు శిక్షణలో ఉంచాలి. జిల్లాకొక మ్యాట్ కోర్టు, దాని మీద ఏడాది పొడవునా జీతం అందే కోచ్, అబ్బాయిలకూ అమ్మాయిలకూ సమానంగా సమయం ప్రభుత్వం ఇవ్వాలి. ఈ దసరాకు మీ ఊళ్లో కబడ్డీ పోటీ పెడుతుంటే, చందాలో కొంత పక్కన పెట్టి మీ బడి పిల్లలకు బూట్లు కొనివ్వండి, ఫైనల్ రాత్రి అమ్మాయిల మ్యాచ్ కూడా ఒకటి ఆడించండి.